బిలాస్‌పూర్ పట్టాకు విదేశాల్లో విలువ: ధ్రువీకరణ వేరు, సమానత్వం వేరు

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. ఇక్కడి తెలుగు కుటుంబాల చరిత్ర రైలు పట్టాలతోనే ముడిపడి ఉంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే అటు నాగపూర్‌ను, ఇటు వాల్తేరును ఒకే యాజమాన్యం కిందికి తెచ్చింది. 1931లో పూర్తయిన రాయ్‌పూర్-విజయనగరం మార్గం ఛత్తీస్‌గఢ్‌ను ఉత్తరాంధ్రకు నేరుగా కలిపింది. ఆ రైల్వే కుటుంబాల నేటి తరం చదువుకో, కొలువుకో విదేశాలకు దరఖాస్తు చేసుకున్నప్పుడు అక్కడి అధికారులు మొదట చూసేది మార్కులను కాదు, పట్టా ఇచ్చే అధికారం ఆ సంస్థకు ఉందా లేదా అన్నదే.

ఈ ప్రశ్న ఛత్తీస్‌గఢ్‌కు కొత్తది కాదు. రాష్ట్రం 2002లో చేసిన ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం కింద అనతికాలంలోనే వందకు పైగా విశ్వవిద్యాలయాలు పుట్టుకొచ్చాయి. చాలావాటికి తగిన భవనాలు, సదుపాయాలు లేవు. శాస్త్రవేత్త, యూజీసీ మాజీ అధ్యక్షుడు యశ్‌పాల్ పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2005 ఫిబ్రవరి 11న ఆ చట్టంలోని 5, 6 సెక్షన్లను కొట్టివేసింది. దాంతో అవి విశ్వవిద్యాలయాలుగా నిలవలేదు. విద్యార్థులు నష్టపోకుండా ఆ సంస్థలను రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు అనుబంధం చేసే చర్యలు తీసుకోవాలని న్యాయస్థానం ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ కాలంలో అక్కడ చదివినవారు పట్టాతోపాటు ఆ అనుబంధాన్ని తెలిపే పత్రాన్ని కూడా భద్రపరచుకోవడం అవసరం.

సంస్థ సక్రమమైనదే అయినా పేరు మారితే చిక్కే. 1983లో ఏర్పడిన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. 2012లో మొదలైన బిలాస్‌పూర్ విశ్వవిద్యాలయం తరువాత అటల్ బిహారీ వాజ్‌పేయీ పేరు దాల్చింది. 2000 నవంబర్ 1కి ముందు పాఠశాల చదువు ముగించినవారి పత్రాలపై మధ్యప్రదేశ్ మండలి ముద్రే ఉంటుంది. వ్యక్తుల పేర్లది మరో తంటా. తెలుగువారు ఇంటిపేరును పొడి అక్షరంగా ముందు పెట్టుకుంటారు. హిందీ ప్రాంతపు కార్యాలయాల్లో చివరనున్న ‘రావు’నే ఇంటిపేరుగా భావించడం కద్దు. మార్కుల పత్రంలో ఒక తీరు, పాస్‌పోర్టులో మరో తీరు ఉంటే దరఖాస్తు ఆగిపోవచ్చు. ఈ తేడాను ముందే సరిచేయించుకోవడం మేలు.

ఇక అపోస్టిల్ విషయంలో అపోహలు ఎక్కువ. 1961 నాటి హేగ్ ఒప్పందం భారత్‌కు 2005 జులైలో అమలులోకి వచ్చింది. రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ తరువాత విదేశాంగ శాఖ వేసే ఆ ముద్ర, పత్రంపై ఉన్న సంతకం, అధికార ముద్ర నిజమైనవని మాత్రమే చెబుతుంది. చదువు స్థాయి గురించి అది ఏమీ చెప్పదు. కెనడా 2024 జనవరి నుంచి ఈ ఒప్పందంలో ఉంది. సభ్యత్వం లేని యూఏఈ వంటి దేశాలకు రాయబార కార్యాలయ ధ్రువీకరణ కావాలి.

స్థాయిని తేల్చేవారు వేరు. కెనడా వలస దరఖాస్తుకు డబ్ల్యూఈఎస్ వంటి సంస్థల మదింపు, బ్రిటన్‌లో ఎనిక్ నివేదిక, జర్మనీలో అనాబిన్ సమాచార నిధి ఇందుకు ఆధారాలు. మన మూడేళ్ల డిగ్రీని అమెరికాలోని నాలుగేళ్ల డిగ్రీతో సమానంగా అన్ని విశ్వవిద్యాలయాలూ అంగీకరించవు. బ్రిటన్‌తో 2022 జులైలో, ఆస్ట్రేలియాతో 2023 మార్చిలో పరస్పర గుర్తింపు ఒప్పందాలు కుదిరాయి. అయితే అవి విద్యార్హతలకే గానీ వృత్తి చేసే హక్కుకు కావు. వైద్యులు, నర్సులు అక్కడి మండలుల పరీక్షలు రాయవలసిందే. ఇంజినీరింగ్‌కు సంబంధించిన వాషింగ్టన్ ఒప్పందంలో భారత్ 2014లో పూర్తి సభ్యత్వం పొందినా, ఎన్‌బీఏ ‘టయర్-1’ గుర్తింపు ఉన్న కోర్సులకే ఆ ప్రయోజనం వర్తిస్తుంది. కళాశాలకు పేరుంటే చాలదు, చదివిన కోర్సుకు ఆ గుర్తింపు ఉండాలి.

విదేశాల్లో చదివి తిరిగి వచ్చేవారికి ఇన్నాళ్లూ భారత విశ్వవిద్యాలయాల సంఘం సమానత్వ పత్రం ఇస్తూ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో యూజీసీ ఇందుకు సొంత నిబంధనలు ప్రకటించింది. ఫ్రాంచైజీ పద్ధతిలో పొందిన పట్టాలకు వాటి కింద గుర్తింపు లేదు. వైద్యం, న్యాయం, నర్సింగ్ వంటివి ఆయా మండలుల పరిధిలోనే ఉంటాయి.

పట్టా లేని పనితనం పరిస్థితి ఇంకా కష్టం. రైల్వే అప్రెంటిస్‌గా 1961 చట్టం కింద శిక్షణ పొందినవారికి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఉంటుంది. షెడ్డులో పాతికేళ్లు మోటార్లు బాగుచేసిన ఎలక్ట్రీషియన్‌కు మాత్రం సర్వీసు రికార్డులో హోదా ఒక్కటే కనిపిస్తుంది. ఇదివరకే నేర్చిన నైపుణ్యానికి గుర్తింపునిచ్చే ఆర్‌పీఎల్ విధానం 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. ఆ పత్రం దేశంలో పనికొచ్చినా విదేశాల్లో దానంతటదే చెల్లదు. ఆస్ట్రేలియాలో ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియా పర్యవేక్షణలో జరిగే మదింపు అనుభవానికి, జీతానికి ఆధారాలు అడుగుతుంది. సాంకేతిక ప్రశ్నలు వేస్తుంది, చేసి చూపమంటుంది. ఉద్యోగ ధ్రువపత్రంలో ‘టెక్నీషియన్ గ్రేడ్-1’ అని రాస్తే సరిపోదు. ఏ యంత్రాలపై, ఏ పనులు, ఎంతకాలం చేశారో వివరంగా ఉండాలి. అందులో నెగ్గిన ఎలక్ట్రీషియన్ కూడా అక్కడికి వెళ్లాక స్థానిక నిబంధనలపై శిక్షణ పొంది, తానుండే రాష్ట్రం నుంచి లైసెన్సు తీసుకున్న తరువాతే స్వతంత్రంగా పనిచేయగలడు.