కెర్నెల్‌కు తెలియని తెలుగు

గత భాగంలో ఆపరేటింగ్ సిస్టమ్‌లోని రెండు అంతస్తుల గురించి చదివారు. ప్రాసెసర్, మెమరీ, పరికరాలపై పూర్తి అధికారం ఉన్న కెర్నెల్ ఒకటి. మనం వాడే ప్రోగ్రాములన్నీ నడిచే యూజర్‌స్పేస్ మరొకటి. ఈ భాగంలో కృత్రిమ పరికరాల చరిత్ర చూద్దాం. చేతికి అందే వస్తువేదీ లేకపోయినా, ఇతర ప్రోగ్రాములకు నిజమైన కీబోర్డులాగానో డిస్కులాగానో నెట్‌వర్క్ కార్డులాగానో కనిపించేదాన్ని కృత్రిమ పరికరం అంటాం. దాన్ని కెర్నెల్ లోపల డ్రైవరుగా రాయాలా, బయట మామూలు ప్రోగ్రాముగా రాయాలా అన్న చర్చ లినక్స్ ప్రపంచంలో ఇరవై ఏళ్లకు పైగా నడుస్తోంది. ఇది ఇంజనీర్ల గొడవ అనుకుని పేజీ తిప్పేయకండి. సీతంపేట కొండల్లో సవర మాట్లాడే విద్యార్థి తన భాషను కంప్యూటర్‌లో రాసుకోవడానికి ఎవరి అనుమతి కావాలన్న ప్రశ్న ఇందులోనే ఉంది.

మీకు అందుబాటులో లినక్స్ కంప్యూటర్ ఉంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కండి. బొమ్మలన్నీ పోయి నల్లని అక్షర తెర వస్తుంది. అక్కడ లాగిన్ అయి ఏదైనా తెలుగు ఫైలు తెరిచి చూడండి. తెలుగుకు బదులు అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. ఆ తెరను గీసేది కెర్నెలే. దాని ఫాంటులో గరిష్ఠంగా 512 బొమ్మలే పడతాయి. ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ పెట్టడమే దానికి తెలుసు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. వాటిని కలిపి ఒత్తులు ఎక్కడ దిగాలో, గుడి ఎక్కడ ఎక్కాలో లెక్కకట్టే పని యూజర్‌స్పేస్‌లోని గ్రంథాలయాలు చేస్తాయి. కెర్నెల్‌కు ఆ విద్య నేర్పలేదు. నేర్పకపోవడమే మంచిదయిందని నా అభిప్రాయం. ఎందుకో ముందుకు వెళ్తే తెలుస్తుంది.

మన దేశంలో తొలి ప్రయత్నాలు కెర్నెల్ కంటే కూడా కిందికి దిగాయి. 1980లలో ఐ.ఐ.టి. కాన్పూర్‌లో మొదలైన పరిశోధన నుంచి జిస్ట్ కార్డు వచ్చింది. దాన్ని తర్వాత సీ-డాక్ ముందుకు తీసుకెళ్లింది. కంప్యూటర్ పెట్టె విప్పి కార్డు బిగిస్తే, ఇంగ్లీషు కోసం రాసిన డాస్ ప్రోగ్రాముల్లో కూడా భారతీయ లిపులు కనిపించేవి. ఆ కాలానికి అది గొప్ప తెలివి. కానీ ప్రతి కంప్యూటర్‌కూ ఒక కార్డు కొనాలి. కార్డులో లేని లిపి వాళ్లు కార్డు తయారుచేసేవారి కోసం ఎదురుచూడాలి. 1991లో ఇస్కీ సంకేతాలు, వాటితోపాటు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక భారతీయ ప్రమాణంగా వచ్చాయి. అదే సంవత్సరం వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులో తెలుగుకు చోటు దొరికింది.

ఇప్పుడు ఒక మీట నొక్కితే ఏం జరుగుతుందో చూడండి. ఇంగ్లీషు ‘కే’ ఉన్న మీటను నొక్కారనుకోండి. లినక్స్ కెర్నెల్ పైకి పంపేది 37 అనే అంకె మాత్రమే. అది ‘కే’ అవుతుందా, ఇన్‌స్క్రిప్ట్ ప్రకారం ‘క’ అవుతుందా అన్నది దానికి పట్టదు. ఆ నిర్ణయం యూజర్‌స్పేస్‌లోని కీబోర్డు అమరికది. కాబట్టే ఇన్‌స్క్రిప్ట్ నచ్చనివాళ్లు అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో రాసుకోగలిగారు. రెండూ ఒకే కంప్యూటర్‌లో పక్కపక్కనే ఉంటాయి. కెర్నెల్‌లో ఒక్క వరుస కూడా మార్చనక్కర్లేదు.

మరి కీబోర్డునే కృత్రిమంగా సృష్టించాలంటే? మీ ఫోన్‌నే కంప్యూటర్‌కు కీబోర్డుగా వాడాలనుకోండి. దానికి యుఇన్‌పుట్ అనే సదుపాయం ఉంది. మామూలు ప్రోగ్రాము ఒకటి ‘/డెవ్/యుఇన్‌పుట్’ అన్న ఫైలు తెరిచి, తన పేరేమిటో, ఏయే మీటలు పంపుతుందో చెబుతుంది. కెర్నెల్ వెంటనే ఒక కొత్త కీబోర్డు తగిలించినట్టు అందరికీ చూపిస్తుంది. తెలివంతా బయటి ప్రోగ్రాములో ఉంటుంది, గుర్తింపు మాత్రం కెర్నెల్ ఇస్తుంది. ప్రోగ్రాము తప్పుచేస్తే అది ఒక్కటే ఆగిపోతుంది. అదే తప్పు కెర్నెల్ మాడ్యూలులో జరిగితే యంత్రం మొత్తం నిలిచిపోవచ్చు. పైగా కెర్నెల్ లోపలి ఏర్పాట్లు కూర్పు కూర్పుకూ మారతాయి. దాని మూలంతో కలవకుండా విడిగా రాసుకున్న మాడ్యూలును ప్రతిసారీ సరిచేసుకోవాలి. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి: ఆ ఫైలు తెరవగలిగిన ప్రోగ్రాము మీ పేరుతో ఏ మీటైనా నొక్కగలదు. అందుకే దాన్ని సాధారణంగా నిర్వాహకుడి అధికారం కిందే ఉంచుతారు.

ఈ చరిత్ర లోపలి నుంచి బయటికి ఒకే దారిలో నడిచిందని అనుకోకండి. పరికరాల పేర్లు నిర్ణయించే డెవ్‌ఎఫ్ఎస్‌ను 2000లో కెర్నెల్‌లో చేర్చారు. పేర్లు పెట్టడం కెర్నెల్ పని కాదంటూ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ 2003లో యూజర్‌స్పేస్‌లో నడిచే యుడెవ్‌ను తెచ్చారు. 2006లో డెవ్‌ఎఫ్ఎస్‌ను తొలగించారు. సుమారు మూడేళ్లకు, 2009లో, డెవ్‌టీఎంపీఎఫ్ఎస్ పేరుతో పరికరాల ఫైళ్లు సృష్టించే పనిలో కొంత మళ్లీ కెర్నెల్‌కే వచ్చింది! ఫైల్ సిస్టమ్‌లను బయట రాసుకునే ఫ్యూజ్ 2005లో చేరింది. మరోవైపు, వేగం కావాల్సిన వైర్‌గార్డ్ నెట్‌వర్క్ సొరంగం 2020లో కెర్నెల్ లోపలికి వెళ్లింది. ప్రతి సమాచార పొట్లం రెండు అంతస్తుల మధ్య ఎక్కుతూ దిగుతూ ఉంటే సమయం వృథా అవుతుంది మరి. మనిషి వేళ్లు నొక్కే మీటలకు ఆ తొందర లేదు.

ఇక సవర దగ్గరికి వద్దాం. 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకున్నారు; తెలుగు లిపిలో సవర వాచకాలు తయారుచేశారు. 1936లో, ఇప్పుడు ఒడిశాలో ఉన్న ప్రాంతంలో, మంగేయ్ గొమాంగో సవరకు సొర సొంపెంగ్ అనే ప్రత్యేక లిపిని రూపొందించారు. అది 2012లో యూనికోడ్ 6.1 కూర్పులో చేరింది. అంకెలతో సహా 35 సంకేతాలు. తెలుగు లిపిలో రాయాలా, సొర సొంపెంగ్‌లో రాయాలా అన్నది సవరలు తేల్చుకోవలసిన విషయం. ఈ అమరిక కెర్నెల్‌లో ఉండి ఉంటే, ఇంత తక్కువమంది రాసే లిపి కోసం ఒక మార్పు పంపి, దాన్ని ఎక్కడో ఉన్న నిర్వాహకులు పరిశీలించేదాకా ఆగాల్సి వచ్చేది.

ఇప్పుడు కావలసింది ఒక చిన్న పాఠ్య ఫైలు. ఏ మీటకు ఏ అక్షరమో వరుసగా రాసి, ఎం17ఎన్ గ్రంథాలయం కోసం మీ సొంత ఫోల్డరులో పెట్టుకోవచ్చు. నిర్వాహకుడి పాస్‌వర్డు అవసరం లేదు కాబట్టి, కంప్యూటర్ మీది కాకపోయినా మీ ఖాతా వరకు ఇది పనిచేస్తుంది. ఎం17ఎన్‌తో కలిసి నడిచే ఐబస్ అక్కడ ఉంటే చాలు. అక్షరాలు కనిపించడానికి నోటో శాన్స్ సొర సొంపెంగ్ ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. ముందుగా పది అక్షరాలతో మొదలుపెట్టి, ఐబస్‌ను మళ్లీ ప్రారంభించి, సవర తెలిసిన ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని టైపు చేయించి చూడండి. ఏ అక్షరం ఏ వేలికి దగ్గరగా ఉండాలో వారే చెబుతారు.