బొమ్మ రైలు చక్రాలకు పట్టిన తెగులు

1936 నవంబరు 16న లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి బయల్దేరిన ‘ప్రిన్సెస్ ఎలిజబెత్’ ఆవిరి ఇంజిన్ దారిలో ఎక్కడా ఆగకుండా 401 మైళ్ళు పరుగెత్తి 5 గంటల 53 నిమిషాల్లో గ్లాస్గో చేరింది. మర్నాటి తిరుగు ప్రయాణంలో ఇంకో తొమ్మిది నిమిషాలు కలిసొచ్చాయి. ఆ వార్త చల్లారకముందే, 1937లో, లివర్‌పూల్ బిన్స్ రోడ్డులోని మెకానో కంపెనీ హార్న్‌బీ పేరుతో ఆ ఇంజిన్‌ను 32 మిల్లీమీటర్ల ఎడంతో వేసిన పట్టాల మీద నడిచే బొమ్మగా చేసి అమ్మకానికి పెట్టింది. వెల ఐదు గినీలు. ఫ్యాక్టరీ కార్మికుడి వారం జీతం దానికి చాలేది కాదు.

1933లో క్రూ కార్ఖానాలో పుట్టిన అసలు ఇంజిన్ ఇప్పటికీ భద్రంగా ఉంది. దాని బొమ్మకు, ఆ కాలపు ఇతర హార్న్‌బీ ఇంజిన్లకు మాత్రం చక్రాల దగ్గరే చిక్కొచ్చింది. పెట్టెలోంచి తీయని ఇంజిన్ చక్రాలు కూడా పగిలాయి.

తప్పు లోహానిది. ఆ చక్రాలను తుత్తునాగంలో కొంచెం అల్యూమినియం, లేశంగా మెగ్నీషియం కలిపి అచ్చుల్లో పోత పోసేవారు. బ్రిటన్‌లో ఈ మిశ్రమాన్ని మజాక్ అంటారు. చవక, తేలిగ్గా కరుగుతుంది, సన్నని ఆకులు కూడా అచ్చులో స్పష్టంగా పడతాయి. కానీ సీసం సోకితే దానికి గిట్టదు. తరవాత వచ్చిన ప్రమాణాలు సీసాన్ని 0.005 శాతం దాటనివ్వవు. అంటే టన్ను లోహంలో 50 గ్రాములు. ఆ బిన్స్ రోడ్డులోనే తొలి డింకీ బొమ్మ కార్లను సీసం మిశ్రమంతో పోసేవారు. అలాంటి చోట ఆ 50 గ్రాములు దాటడం ఎంతసేపు?

సీసం చేరిన లోహంలో గాలిలోని చెమ్మ రేణువుల అంచుల వెంబడి లోపలికి పాకుతుంది. లోహం ఉబ్బుతుంది. ముందు వెంట్రుకవాసి పగుళ్ళు, తరవాత వంకరపోయిన అంచు, చివరికి చెదపట్టిన కర్రలా వేళ్ళ మధ్య పొడి. అట్లాంటిక్ అవతల లయొనెల్ కంపెనీ పాత ఇంజిన్ల చక్రాలదీ ఇదే కథ. దీనికి మందు లేదు. జిగురు పెట్టినా, రంగు వేసినా లోపలి ఉబ్బు ఆగదు. అందుకే ఇక్కడ మరమ్మతంటే చక్రం మార్చడమే.

ముందు క్రాంకు మరలు విప్పి, చక్రాలను కలిపే కడ్డీలను తీస్తారు. చక్రాన్ని సుత్తితో కొడితే ఇరుసు వంగుతుంది కాబట్టి పుల్లర్ బిగించి మెల్లగా లాగుతారు. ఉబ్బిన చక్రం ఒక్కోసారి ముక్కలుగానే ఊడొస్తుంది. కొత్త పోత చక్రాన్ని ఇరుసు మీదికి నిటారుగా నొక్కి ఎక్కించాలి. ఏ కాస్త ఒరిగినా ఇంజిన్ ఊగుతూ నడుస్తుంది.

అసలు పరీక్ష ఆ తరవాత. ఒక ఇరుసుకు ఎడమవైపు క్రాంకు పైకి ఉంటే కుడివైపుది 90 డిగ్రీల తేడాలో ఉండాలి. నిజం ఇంజిన్‌లో ఒక పిస్టన్ బలం చూపలేని కొసన ఉన్నప్పుడు రెండోది నెట్టడానికే ఈ ఏర్పాటు. బొమ్మను తిప్పేది మోటారే అయినా, ఇరుసులన్నిటికీ ఆ కోణం ఒక్కటిగా కుదరకపోతే కడ్డీలు పట్టేస్తాయి. అందుకే చక్రాలను కోణం తప్పకుండా పట్టి ఉంచే జిగ్‌లో పెట్టి నొక్కుతారు. కడ్డీలు తగిలించి, మోటారు కలపకుండానే చేత్తో తోసి చూస్తారు. ఎక్కడో ఒకచోట బిగుసుకుందంటే మళ్ళీ పుల్లర్ అందుకోవాల్సిందే.

రెండో ప్రపంచ యుద్ధం తరవాత శుద్ధమైన తుత్తునాగం వాడకం పెరగడంతో ఈ తెగులు బాగా తగ్గింది. అందుకే యుద్ధానికి ముందు నాటి ఇంజిన్ అమ్మకానికొస్తే, తెలిసినవాళ్ళు రంగు కంటే ముందు దాన్ని తిరగేసి చక్రాల ఆకులు చూస్తారు.