గోదావరి లాంచీలు – సరంగుల వృత్తాంతము

గోదావరిపై పాపికొండల విహారమును గూర్చి వ్రాసినవారు కొండల సొగసును వర్ణించిరి, నదీగాంభీర్యమును కీర్తించిరి, వెన్నెల రాత్రులను, ఇసుక తిన్నెలను, పేరంటాలపల్లి శివాలయ ప్రశాంతిని వేనోళ్ల కొనియాడిరి. కాని చుక్కాని పట్టి ఆ విహారమును సాధ్యము చేయు సరంగును గూర్చి, అతనికి తోడుగా ముందు కొనమీద గెడ పట్టి నిలుచు కళాసిని గూర్చి, తెల్లవారకముందే పొయ్యి రాజేసి వందమందికి వండి గిన్నెలను లాంచిలోనికి చేరవేయు వంటవానిని గూర్చి వ్రాసినవారు మిక్కిలి తక్కువ. నూటడెబ్బది సంవత్సరములలో గోదావరి నావికవృత్తి పలుమారులు పడినది, పలుమారులు లేచినది. పడినప్పుడెల్ల పనివారు చెల్లాచెదరైరి. లేచినప్పుడెల్ల మనము లాంచీలను లెక్కించితిమి, యాత్రికులను లెక్కించితిమి, మరలి వచ్చిన పనివారెందరో మాత్రము లెక్కింపలేదు. ఈ ఉపేక్ష వలన కలిగిన నష్టము ఎట్టిదో తెలియవలెనన్న ఆ వృత్తి పుట్టుక నుండి చెప్పుకొని రావలసియున్నది.

సర్ ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరము వద్ద ఆనకట్ట పని ప్రారంభించి 1852 నాటికి ముగించెను. ఆ ఆనకట్ట పొలములకు నీరిచ్చినదని అందరును ఎరుగుదురు. అది డెల్టాకు దారులను కూడ ఇచ్చినదని ఈ తరమువారిలో ఎరిగినవారు కొలదిమంది. కాలువలను త్రవ్వించునప్పుడే వాటిపై పడవలు నడుచుటకు అనువుగా త్రవ్వించి, నీటిమట్టము మారు చోట్ల లాకులు కట్టించిరి. ఏలూరు వద్ద గోదావరి కాలువ కృష్ణ కాలువతో కలియగా, అటనుండి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా చెన్నపట్టణము దాక నీటిపైననే పోవుటకు వీలు కలిగెను. ధాన్యము, ఉప్పు, పొగాకు, పెండ్లివారు, పుష్కరయాత్రికులు, కోర్టుపనిమీద పోవు కక్షిదారులు, సమస్తమును ఆ పడవలపైననే సాగెడివి. గాలి అనుకూలించినప్పుడు తెరచాప, అనుకూలింపనప్పుడు గట్టువెంట నడచుచు త్రాటితో పడవను గుంజు కూలివాని భుజము, ఈ రెంటితో ఒక శతాబ్దము గడచినది.

కాటన్ ఆశ అంతటితో ఆగలేదు. మధ్యపరగణాల ప్రత్తి గోదావరి మీదుగా సముద్రమునకు దిగిరావలెనని తలచి, ఎగువ గోదావరిని నౌకాయాన యోగ్యముగా చేయు పనులకు ఆయన ప్రేరకుడయ్యెను. దుమ్ముగూడెము వద్ద ఆనకట్టయు, లాకును కట్టిరి. కాని అడవిజ్వరములకు వెరచి కూలీలు నిలువరైరి, ఖర్చు పెరిగినది, ఈలోగా రైలుమార్గములు దేశమధ్యమునకు ప్రాకినవి. 1871లో ఆ పనులను ప్రభుత్వము విరమించుకొన్నది. గోదావరిపై పనివారు దొరకని కారణమున ఒక పని దెబ్బతినుట మనకు తెలిసిన చరిత్రలో అది మొదటిసారియై ఉండును. దుమ్ముగూడెము ఆనకట్ట నేటికిని నిలిచియున్నది.

1900లో రాజమహేంద్రవరమునకును, కొవ్వూరునకును నడుమ హేవలాక్ వంతెన వెలసినది. రైలు నదిని దాటినది గాని రోడ్డు దాటలేదు. రైలువేళకు అందనివారికి, గంపలతో మూటలతో దినదినము ఆవలి ఒడ్డునకు పోవలసిన చిల్లర వర్తకులకు లాంచియే దిక్కు. భద్రాచలమునకు సరియైన బాట లేని ఆ రోజులలో శ్రీరామనవమికి కళ్యాణము చూడగోరు కోస్తా భక్తులు రాజమహేంద్రవరమున లాంచి యెక్కి, పట్టిసీమ వీరేశ్వరునకు దూరమునుండియే నమస్కరించి, పోలవరము, దేవీపట్టణము దాటి, పాపికొండల నడుమ దూరి, కూనవరము కడ శబరీసంగమమును చూచి, ఆపైన రామదాసు కట్టించిన ఆలయము చేరెడివారు. ఎగువకు జనము పోగా, దిగువకు మన్యపు వెదురును, టేకును తెప్పలుగా కట్టి నడిపించెడివారు. రాజమహేంద్రవరపు కలప అడితులు ఆ తెప్పలమీదనే బ్రతికినవి. విహారయాత్ర అనునది అప్పటికి వృత్తి కాలేదు. అది అవసరముతో కలిసి, భక్తితో కలిసి సాగెడిది.

ఈ రాకపోకల కెల్ల ఆధారము సరంగు. అతని విద్య ఎట్టిదో ఒకింత చెప్పవలెను. రాజమహేంద్రవరము వద్ద మూడు కిలోమీటర్ల వెడల్పున పరచుకొని పారు గోదావరికి వేసవిలో లోతు తక్కువ, ఇసుక మేటలు ఎక్కువ. ప్రతి వరదయు ఆ మేటలను కదలించి పోవును. క్రిందటి ఏడు లాంచి సాగిన దారిలో ఈ ఏడు మోకాలిలోతు నీరుండవచ్చును. కావున సరంగు ప్రతి శరత్తునందును నదిని మొదటినుండి చదువుకొనవలెను. నీటిపైన నునుపుగా, నల్లగా కనబడు చోటు లోతు; సన్నని ముడతలు పడు చోట క్రింద ఇసుక; ప్రవాహమునకు ఎదురుగా నురుగు చుట్టలు తిరుగు చోట బండ. అనుమానము కలిగినప్పుడు ముందు కొనమీది కళాసి వెదురు గెడను నిలువున దింపి, తడిసిన మేర చూచి కేకవేయును. ఆ కేక నందుకొని సరంగు చుక్కానిని త్రిప్పును. పాపికొండల నడుమ కథ వేరు. అక్కడ నది ఒక్కసారిగా ఇరుకై లోతెక్కును. మేటల భయము పోయి సుడుల భయము వచ్చును. ఏ మలుపులో ఏ ఒడ్డున ఒత్తుకొని పోవలెనో, ఏ మట్టము దాటిన నీటిలో అసలు పోనేకూడదో తెలియవలెను. దీనిని బోధించు పాఠశాల లేదు, చూచి చదువుటకు పటము లేదు. కళాసిగా చేరిన కుఱ్ఱవాడు పెద్ద సరంగు ప్రక్కన ఏండ్ల తరబడి నిలిచి నేర్చుకొనవలసినదే. ఒక సరంగు వృత్తి విడిచినప్పుడు లాంచి మిగులును, విద్య మిగులదు.

1965లో భద్రాచలమువద్ద గోదావరిపై వంతెన ప్రారంభమైనది. 1974లో రాజమహేంద్రవరము, కొవ్వూరుల నడుమ రోడ్డు, రైలు కలిసిన వంతెన వచ్చినది. ప్రజలకు మేలు జరిగినది, సందేహము లేదు. రేవులు మాత్రము వెలవెలపోయినవి. బస్సు ఒక్క పూటలో చేర్చు చోటికి లాంచిపై పోవువారెవరు? కాలువలలో పడవలు అంతకు ముందే సన్నగిల్లినవి. లాంచీలు కొండ గ్రామముల సంతలకు, రోడ్డు లేని పల్లెలకు మాత్రమే పరిమితమైనవి. సరంగులలో కొందరు చేపల వేటకు మరలిరి. కొందరు ఇసుక పడవలకు పోయిరి. ఎక్కువమంది తమ కుమారులకు ఈ పని వలదనిరి.

విచిత్రమేమన, వంతెన రాకడకు ఒక యేడు ముందు, 1973లో, బాపు దర్శకత్వమున, ముళ్లపూడి వెంకటరమణ రచనతో వెలువడిన ‘అందాల రాముడు’ చిత్రము రాజమహేంద్రవరమునుండి భద్రాచలమునకు సాగు లాంచీ ప్రయాణమునే కథగా చేసికొన్నది. పోవుచున్న ఒక జీవితమును సరియైన వేళకు పట్టి నిలిపిన చిత్రమది. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ మరల అదే దారిని చూపినది. అవసరముకొరకు లాంచి యెక్కిన తాతల మనుమలు ఆనందముకొరకు లాంచి యెక్కసాగిరి. పట్టిసీమ, పోలవరము, పురుషోత్తపట్నము రేవులు కళకళలాడెను. ఎగువ దిక్కున పోచవరము నుండి భద్రాచలయాత్రికులు దిగివచ్చిరి. కొల్లూరు ఇసుక తిన్నెలపై వెదురు గుడిసెలు లేచినవి. లాంచిలో వంటవారు, వడ్డించువారు, పాడువారు, ఆడువారు, మైకు పట్టి కబుర్లు చెప్పువారు చేరిరి. ఒడ్డున కొండరెడ్ల స్త్రీలు వెదురుతో పూలు, బుట్టలు అల్లి అమ్మసాగిరి; బొంగులో కూరిన కోడిమాంసము నిప్పులపై కాలసాగెను. పడిపోయిన వృత్తి ఈ విధముగా మరల లేచినది. దీనిని తేలికగా చూడరాదు. మన్యపు ఒడ్డున నగదు కంటబడు మార్గములు అట్టివి మరి కొన్నియే.

కాని ఈ లేచుటలో ఒక లోపము మొదటినుండియు ఉండినది. పూర్వపు లాంచికి సంతయు, కళ్యాణమును, కలపయు ఆధారము. క్రొత్త లాంచికి సెలవుదినములే ఆధారము. కార్తికము మొదలు వేసవి వరకు పని. గోదావరి ఎర్రబారిన నాటినుండి పని లేదు. దినభత్యము, సీజను జీతము తప్ప స్థిరమైన ఆదాయమెరుగని సరంగు, ఆకాశము మబ్బుపట్టినను, నీరు పొంగుచున్నను, ‘నేడు పోవలదు’ అని చెప్పుటకు ఎంతటి ధైర్యము కావలెనో ఆలోచింపుడు. అట్లు చెప్పిన దినమున అతని యింట పొయ్యి వెలుగదు.

2018 మే 15న మంటూరు వద్ద గాలివానకు ఒక లాంచి మునిగి సుమారు ఇరువదిమంది మరణించిరి. వారు విహారయాత్రికులు కారు. ఊళ్లకు పోవు ఒడ్డువాసులు. మరుసటి యేడు, 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరదతో పరుగులెత్తుచుండగా, కచ్చులూరు మందమని ఆ ప్రాంతీయులు పిలుచు చోట ‘రాయల్ వశిష్ఠ’ అను విహారనౌక మునిగినది. అందున్న డెబ్బదికి పైబడిన జనములో బ్రతికినవారు ఇరువదియార్గురు మాత్రమే. పోయినవారిలో యాత్రికులతోపాటు నావపై పనిచేసినవారును ఉండిరి. బ్రతికినవారిని గట్టున చేర్చినది ఒడ్డు పల్లెలలోని గిరిజనులు. వారు నాటుపడవలు వేసికొని వెంటనే పరుగున వచ్చిరి. నదియడుగున చిక్కిన నౌకను అక్టోబరు 22న పైకి లాగినవారు కాకినాడనుండి వచ్చిన పనివారు. త్రాళ్లు, లంగరులు, వంశపారంపర్యపు నేర్పు, ఇవియే వారి ముఖ్య సాధనములు. ఆ దుఃఖసమయమున నదిని ఎరిగిన మనుష్యుల విలువ రెండుమారులు ఋజువైనది.

నౌకావిహారము నిషేధింపబడినది. ఆ నిషేధము న్యాయమైనదే. అది తీరకముందే 2020 మార్చిలో కరోనా వలన దేశమంతయు తలుపులు మూసికొన్నది. రేవులలో లాంచీలు కట్టుకొయ్యలకు అట్లే ఉండిపోయినవి. వంటవారు పెండ్లి వంటలను నమ్ముకొనిరి, ఆ పెండ్లిళ్లును ఆగినవి. కళాసులు కట్టడపు పనులకు, రొయ్యల చెరువులకు చేరిరి. వెదురు పూలు కొనువారు లేక పేరంటాలపల్లి ఒడ్డున అమ్మకములు నిలిచినవి.

2020లో ప్రభుత్వము నావల రాకపోకలను కనిపెట్టుటకు తొమ్మిది కంట్రోలు రూములకు శంకుస్థాపన చేసినది. వాటిలో గండిపోశమ్మ, సింగన్నపల్లి, పేరంటాలపల్లి, పోచవరము ఉన్నవి. 2021లో అనుమతులతో, లైఫ్ జాకెట్ల నిబంధనలతో లాంచీలు మరల కదలినవి. కాని అదే సంవత్సరము జూన్‌లో పోలవరము వద్ద కట్టుచున్న ప్రాజెక్టు స్పిల్‌వే మీదుగా గోదావరిని మళ్లించిరి. నీరు వెనుకకు తన్నినది. దేవీపట్టణము మొదలగు గ్రామములు ఖాళీయైనవి. కొల్లూరు తిన్నెలు, గుడిసెలు నీటిపాలైనవి. పాత రేవులు మారినవి. 2022 జూలైలో భద్రాచలమువద్ద నీటిమట్టము 71 అడుగులు దాటినది; 1986 తరువాత అంతటి వరద రాలేదు. విహారము అయినను ఆగలేదు. ప్రతి యేటను వరద తగ్గిన పిదప లాంచీలు బయలుదేరుచున్నవి, సెలవుదినములలో యాత్రికులును వచ్చుచున్నారు.

దీనిని కోలుకొనుట అందురు. నా దృష్టిలో ఇది సగము కోలుకొనుట. యాత్రికులు వచ్చిరి, పనివారిలో అనుభవజ్ఞులు అందరును రాలేదు. వచ్చినవారికిని తాము చదివిన నది మిగులలేదు. ప్రవాహముగా ఎరిగిన నీరు జలాశయముగా మారుచున్నది. మునిగిన ఇండ్లు, చెట్లు, గుట్టలు అడుగున దాగినవి. పాత గుర్తులు పనికిరావు. పోలవరము జలాశయము పూర్తి మట్టము 45.72 మీటర్లకు చేరిన నాడు ఈ విద్యను మరల మొదటినుండి నేర్వవలసియుండును. నేర్పువారెవరు? మిగిలిన పెద్ద సరంగులే.

కావున పర్యాటకశాఖవారిని, లాంచీల యజమానులను కోరునది ఇది. వరద నెలలలో సరంగులకును, కళాసులకును సగము జీతమైనను ఇండు. ఆ నెలలలోనే పెద్ద సరంగులను గురువులుగా నిలిపి, మునిగిన గ్రామములనుండి పునరావాస కాలనీలకు తరలిన యువకులకు ఈ విద్య నేర్పింపుడు. నది అడుగును కొలిపించి ఆ కొలతలను సరంగు చేతికిండు. నావ కదలుటకు ఇచ్చు అనుమతితోపాటు, కదలనని చెప్పు హక్కును అతనికి వ్రాతమూలకముగా ఇండు. చెప్పిన దినమునకు జీతము కోయకుడు. పాఠకులారా, మీరు పాపికొండలకు పోయిన దినమున గాలి లేచినదనియో, నీరు పెరిగినదనియో సరంగు లాంచి తీయనన్నయెడల, టిక్కెట్టు డబ్బును తలచుకొని అతనిని తొందరపెట్టకుడు.