గాజుతొట్టెలో సముద్రం

భిలాయి ఉక్కు కర్మాగారానికి చేరువలోని చరోదా నుంచి ఏ సముద్రతీరానికి వెళ్లాలన్నా వందల కిలోమీటర్లు ప్రయాణించాలి. అలాంటి ఊళ్లో ఒక గాజుతొట్టెలో సముద్రాన్ని నిలపగలమా? ఉప్పునీరు తయారుచేయటం కష్టమేమీ కాదు. కాని కొద్ది వారాలకే ఇసుక మీద గోధుమరంగు పూత, రాళ్ల మీద ఎర్రని జిగురుపొర కనిపిస్తాయి. అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. ఈ పరీక్ష చాలా పాతది.

1846లో ఆనా థిన్ అనే ఆంగ్ల మహిళ టార్కీ తీరంలో సేకరించిన పగడపు జీవులను లండన్‌కు తెచ్చింది. తొట్టెలోని నీటిని కిటికీ దగ్గర ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి పోయిస్తూ గాలి పట్టించేది. మరుసటి ఏడాది సముద్రపు నాచుమొక్కలను చేర్చింది. అవి వెలుతురులో ఆక్సిజన్‌ను విడుదల చేయటంతో ఆ పని తేలికైంది.

అదే నగరంలో రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ మంచినీటి తొట్టెలో బంగారు చేపలను, నీటిమొక్కలను పెంచాడు. ఆకులు కుళ్లి నీరు చెడింది. ఆయన అందులో చెరువు నత్తలను వదిలాడు. కుళ్లినదాన్ని అవి తినేశాయి, నీరు తేటపడింది! ఈ ఫలితాన్ని 1850లో ప్రకటించాడు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ లవణాలు కలిపి సముద్రజలం తయారుచేసే పద్ధతిని ప్రచురించాడు. దాంతో సముద్రం లేని ఊళ్లకూ దారి తెరుచుకుంది.

ఇంతకీ ఆ పూత ఏమిటి? గోధుమరంగుది సాధారణంగా డయాటములు. అవి సిలికాతో కవచం కట్టుకుంటాయి. మనం పోసే నీటిలోని సిలికాయే వాటికి ముడిసరుకు. ఎర్రని జిగురు చాలాసార్లు సయనోబాక్టీరియా. గాలిబుడగలు చిక్కుకున్న గోధుమరంగు తీగలు కనిపిస్తే డైనోఫ్లాజెల్లేట్లని అనుమానించాలి. మైక్రోస్కోపులో చూస్తేగాని రూఢి కాదు. వీటిలో కొన్ని విషాన్ని కూడా తయారుచేస్తాయి.

మందు వేస్తే పోదా? సయనోబాక్టీరియా ఎరిత్రోమైసిన్‌కు లొంగుతాయి. కాని చేపలు విసర్జించే అమ్మోనియాను నైట్రేటుగా మార్చే మేలు బాక్టీరియా కూడా దెబ్బతినవచ్చు. పైగా చచ్చిన పొర కుళ్లి, తిరిగి నీటికి ఎరువవుతుంది.

అందుకే పెంపకందారులు వేరే దారులు వెతికారు. 1961లో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ జీవులతో నిండిన సముద్రపు రాళ్లు, గాలిబుడగల సాయంతో తొట్టెను నడిపే పద్ధతిని వివరించాడు. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థలో వాల్టర్ ఎడీ, ఒక తెర మీద నాచును కావాలనే పెంచి, కోసి పారేస్తూ నీటిలోని నత్రజనిని, భాస్వరాన్ని తగ్గించాడు. అంటే నాచు మీదికి నాచునే పోటీకి దింపాడన్నమాట.

అలాగని నీటిని మరీ శుద్ధి చేసినా చిక్కే. నైట్రేటు, ఫాస్ఫేటు దాదాపు లేకుండా పోయిన తొట్టెల్లో డైనోఫ్లాజెల్లేట్లు విజృంభించటం చాలామంది గమనించారు. పోటీపడే జీవులు తగ్గిపోవటమే కారణమని భావిస్తున్నారు.

ఒక హెచ్చరిక. ఆనా థిన్‌లా మీరు పగడాలను ఏరుకు రాకూడదు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో రాతి పగడాలను చేర్చారు. వారింగ్టన్ ప్రయోగాన్ని మాత్రం మీరూ చేయవచ్చు. ఒక సీసా, చెరువు నీరు, ఒక నీటిమొక్క, రెండు నత్తలు చాలు. నీరు పచ్చబడితే వెంటనే పారబోయకండి. వెలుతురు ఎక్కువైందా, ఆకులు కుళ్లాయా అని చూడండి. ఒక్కొక్కటే మార్చి, ఏం జరిగిందో రాసుకోండి.