ఊరిని అడిగిన ప్రశ్న

కాలిఫోర్నియాలో ఉంటున్న నా స్నేహితుడు, మాచర్లవాడే, మొన్నామధ్య ఫోన్లో ఒక సంగతి చెప్పాడు. వాళ్ల ఊళ్లో గంజాయి కొట్టు పెట్టనివ్వాలా వద్దా అని సిటీ కౌన్సిల్ మీటింగు జరిగిందట. బడికి ఎంత దూరంలో ఉండాలి, రాత్రి ఎన్నింటికి మూయాలి, పన్ను ఎంత, అన్నీ ఊరివాళ్లే తేల్చుకుంటున్నారట. "మైకు ముందు నిలబడి నేను కూడా రెండు ముక్కలు మాట్లాడాన్రా" అన్నాడు. 2016లో ఆ రాష్ట్రం ఓటేసి గంజాయిని చట్టబద్ధం చేసినప్పుడు, కొట్లు మాకొద్దు అనే హక్కును ఊళ్లకే వదిలేసింది.

నరసరావుపేటలో కూర్చుని ఇది వింటుంటే ముందు నవ్వొచ్చింది. 'గంజాయి వనంలో తులసి మొక్క' అనే సామెతలో తప్ప మా ఇళ్లలో ఆ మాట పైకి అనరు. తర్వాత ఒక అనుమానం పట్టుకుంది. ఈ విషయంలో మన ఊళ్లను ఎవరైనా, ఎప్పుడైనా అడిగారా?

అడగాలా అన్న ప్రశ్న మాత్రం ఒకసారి లేచింది. నూట ముప్పయ్యేళ్ల కింద.

1893లో బ్రిటిష్ పార్లమెంటులో బెంగాల్ గంజాయి మీద చర్చ వచ్చింది. జనం పిచ్చివాళ్లైపోతున్నారని కొందరి ఆరోపణ. దాంతో ఇక్కడి ప్రభుత్వం ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేసింది. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు. ఏడుగురు సభ్యుల్లో ముగ్గురు భారతీయులు. దేశమంతా తిరిగి 1,193 మంది సాక్ష్యాలు తీసుకున్నారు. అధికారులకూ డాక్టర్లకూ మిషనరీలకూ పంపిన ప్రశ్నల్లో ఒకటి నన్ను ఆపేసింది: ఒకచోట కొట్టు తెరిచేముందు అక్కడి జనం ఇష్టాన్ని కనుక్కుంటున్నారా? కనుక్కోవాలా?

ఈ ప్రశ్న పల్నాడుకూ వర్తించేదే. గుంటూరు జిల్లా 1904లో గానీ పుట్టలేదు. అప్పటికి పల్నాడు తాలూకా కృష్ణా జిల్లాలో ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1886 ఆబ్కారీ చట్టం నడుస్తోంది. గంజాయి కూడా సారా, కల్లుతో పాటే ఆ చట్టం కిందికొచ్చే సరుకు. స్థానిక సంస్థలు లేవా అంటే, ఉన్నాయి. 1884 చట్టంతో తాలూకా బోర్డులు వచ్చాయి. రోడ్లు, బళ్లు, ఆసుపత్రులు వాటికి అప్పగించారు. ఆబ్కారీని మాత్రం దొరలు తమ దగ్గరే ఉంచుకున్నారు. తాగి పడిపోయినవాణ్ణి చూడాల్సిన ఆసుపత్రి ఊరిది, లైసెన్సు డబ్బు సర్కారుది.

కమిషన్ 1894లో నివేదిక ఇచ్చింది. మితంగా వాడేవాళ్లకు చెప్పుకోదగ్గ హాని లేదు, పూర్తి నిషేధం అక్కర్లేదు, సాగుకు లైసెన్సు పెట్టండి, పన్ను వెయ్యండి, కొట్ల సంఖ్య తగ్గించండి అంది. ఏం చేసినా అదుపు పైవాళ్లదే.

పైవాళ్ల అదుపు ఎలా ఉంటుందో పల్నాడుకు గంజాయి కంటే గడ్డి బాగా నేర్పింది. అడవిలో పశువులు మేస్తే పుల్లరి కట్టమన్నారు. 1921-22లో పల్నాడు తిరగబడింది, మించాలపాడులో కన్నెగంటి హనుమంతు తుపాకీ గుళ్లకు నేలకొరిగాడు. ఊరి అడవి మీద ఊరికి మాట లేకపోవడమే ఆ గొడవకు మూలం.

తెల్లవాళ్లు పోయాక ఆ పద్ధతేమైనా మారిందా? 1937 నాటి మద్రాసు మద్యనిషేధ చట్టం మత్తు మందులను కూడా కలుపుకుంది. 1948 నాటికి రాష్ట్రమంతా అమలైంది. 1961లో న్యూయార్కులో అంతర్జాతీయ ఒప్పందం, 1985లో ఢిల్లీలో ఎన్.డి.పి.ఎస్. చట్టం. నిర్ణయాలు జరిగే చోటు మారుతూ వచ్చింది. ఆ చోటు ఏ రోజూ గురజాల కాలేదు.

ఒక్క మినహాయింపు ఉంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఏ మత్తు పదార్థం అమ్మకాన్నైనా నియంత్రించే అధికారం గ్రామసభకు ఉండాలంటుంది. పాడేరు, చింతపల్లి ఏజెన్సీ ఆ కిందికే వస్తుంది. మన రాష్ట్రంలో గంజాయి పండేదీ ఎక్కువగా అక్కడే. 2022 ఫిబ్రవరిలో పోలీసులు దాదాపు రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పపోసి తగలబెట్టారు. ఆ మంట ఫొటోలు అందరం చూశాం. ఆ ఊళ్ల గ్రామసభలు ఏమనుకున్నాయో ఎవరూ ఫొటో తీయలేదు. పల్నాడుకైతే కాగితం మీద కూడా ఆ హక్కు లేదు, మనది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు.

అయినా హక్కు లేకుండానే ఊరు మాట్లాడిన రోజు మన దగ్గరే ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. వేలంపాటలు ఆగిపోయాయి. మరుసటి ఏడాది అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. వాళ్లకు ఏ చట్టమూ అధికారం ఇవ్వలేదు. కాకపోతే వాళ్లకు ఎదురుగా ఒక కొట్టు కనిపించింది. దానికి తలుపుంది, తాళం వెయ్యొచ్చు. గంజాయికి ఇప్పుడు కొట్టు లేదు. ఎవరి ముందు ధర్నా చేయాలి?

మా వీధిలో ఒకావిడ ఉంది. ఇంటర్ చదివే కొడుకు కళ్లు ఎర్రగా వేసుకుని ఇంటికొస్తున్నాడని పోయిన నెల నా దగ్గర ఏడ్చింది. ఎవరికి చెప్పాలో తెలీదంది. 2024 నవంబరులో రాష్ట్రం 'ఈగల్' అనే ప్రత్యేక విభాగం పెట్టింది, 1972 నంబరుకు ఫోన్ చేయొచ్చు. ఆ నంబరే రాసిచ్చాను. ఆవిడ కాగితం వంక చాలాసేపు చూసింది.

"చేస్తే మావాణ్ణే పట్టిచ్చినట్టు కదా అన్నా" అంది.

నా దగ్గర జవాబు లేదు. 1893లో అడిగిన ఆ ప్రశ్నను ఆవిడ దాకా ఎవరూ తీసుకురాలేదు. అడిగితే కొట్టు కావాలంటుందో, వద్దంటుందో, ముందు ఊళ్లో ఒక డీ-అడిక్షన్ సెంటర్ పెట్టమంటుందో నాకు తెలీదు. కాగితం మడిచి కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. ఇంకా ఫోన్ చేయలేదు.