వంద డిగ్రీల ఆవిరి

సౌరశక్తి చరిత్ర గురించి ఎక్కడ చదివినా ఒక కథ తప్పకుండా తగులుతుంది. 1913లో, కైరోకి దక్షిణంగా నైలు ఒడ్డున మాదీ అనే చోట ఒక అమెరికన్ ఎండతో నీళ్లు కాచాడు. ఆ ఆవిరితో ఇంజన్ నడిపి, నైలు నీళ్లు పొలాల్లోకి తోడాడు. చూసినవాళ్లంతా చప్పట్లు కొట్టారు. మరుసటి ఏడు యుద్ధం వచ్చింది, దాని వెనకే చవక చమురు వచ్చింది, యంత్రం మూలపడింది. ఆ రెండూ రాకపోయి ఉంటే మనం ఇవాళ ఇంత పొగ పీల్చేవాళ్లం కాదు. ఇదీ కథ.

మంచి కథే. హీరో ఉన్నాడు, విలన్ ఉన్నాడు, చేజారిపోయిన బంగారు భవిష్యత్తు ఉంది. సోలార్ గురించి మాట్లాడే ప్రతివాళ్లూ దీన్ని ఒక్కసారైనా చెబుతారు. నాకు దీంతో రెండు పేచీలు ఉన్నాయి. ఒకటి, ఇందులో లెక్క లేదు. రెండు, ఇందులో ఈజిప్టు లేదు.

ముందు మనిషి గురించి. ఫ్రాంక్ షూమన్ ఫిలడెల్ఫియాలో స్థిరపడిన ఇన్వెంటర్. గాజు పలకల మధ్య తీగల వల పెట్టి, పగిలినా ముక్కలు మీద పడకుండా ఉండే గాజు చేసినవాడు. పాత ఫ్యాక్టరీల కిటికీల్లో, ఆస్పత్రి తలుపుల్లో ఆ గాజుని మనమూ చూసే ఉంటాం. గాజులో వచ్చిన డబ్బుతో ఎండ మీద పడ్డాడు.

ఎండని పట్టడం అప్పటికి కొత్తేం కాదు. 1767లోనే హొరేస్ డి సొసూర్ అనే స్విస్ శాస్త్రవేత్త గాజు మూతలున్న చెక్కపెట్టెని ఎండలో పెట్టి, లోపల నీళ్లు మరిగేంత వేడి పుట్టించాడు. వంద సంవత్సరాల తర్వాత ఫ్రాన్స్‌లో ఒగుస్టాన్ ముషో అనే లెక్కల మాస్టారు పెద్ద గరాటులాంటి అద్దంతో ఎండని బాయిలర్ మీదకి మళ్లించి ఆవిరి ఇంజన్ నడిపాడు. 1878 పారిస్ ఎగ్జిబిషన్లో ఎండతో ఐస్ చేసి చూపించాడు. జనం విస్తుపోయారు. కానీ వెండి పూత పూసిన అద్దాలకి ఖర్చెక్కువ, మాటిమాటికీ మెరుగు పెట్టాలి, సూర్యుడి వెంట తిప్పుతూ ఉండాలి. ఫ్రాన్స్‌లో బొగ్గేమో చవకైపోయింది. ప్రభుత్వం లెక్కలు వేసుకుని చేతులు దులుపుకుంది.

షూమన్ ఇక్కడే ఒక మలుపు తిప్పాడు. అందరూ ఎండని ఒకచోటికి కుప్పపోసి ఎక్కువ వేడి సాధించాలని చూస్తే, ఇతను తక్కువ వేడితోనే సరిపెట్టుకుంటే ఎలా ఉంటుందని అడిగాడు. 1907లో ఇంటి దగ్గరే, టకోనీ అనే పేటలో, గాజు మూతలున్న బల్లపరుపు పెట్టెల్లో నల్లటి గొట్టాలు పరిచాడు. వాటితో ఈథర్‌ని మరిగించి చిన్న ఇంజన్ తిప్పాడు. ఈథర్ 35 డిగ్రీలకే మరుగుతుంది, మన వేసవిలో గదిలో పెట్టినా చాలు. పెద్ద యంత్రానికి ఈథర్ పనికిరాదనుకుని, 1911 నాటికి మళ్లీ నీళ్లకే వచ్చాడు. ఈసారి 10,000 చదరపు అడుగుల మేర పెట్టెలు, వాటి అంచుల్లో మామూలు అద్దాలు. అందులో పుట్టే ఆవిరి దాదాపు వంద డిగ్రీల దగ్గర, అంటే మన వంటింట్లో మూత తీసిన గిన్నెలోంచి వచ్చే ఆవిరి లాంటిదే.

ఆ ఆవిరికి తోసే బలం ఎక్కడిది? ఇంజనీరింగ్‌లో థర్మోడైనమిక్స్ పరీక్షకి స్టీమ్ టేబుల్స్ అనే పలచటి పుస్తకం లోపలికి తీసుకెళ్లనిచ్చేవారు. అప్పట్లో అది మార్కుల కోసం తిరగేసే అంకెల కట్ట. షూమన్ గురించి చదువుతూ మళ్లీ తెరిచాక దానిలో చరిత్ర కనబడింది. వంద డిగ్రీల దగ్గర ఆవిరి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడితో సమానం. అలాంటప్పుడు అది పిస్టన్‌ని నెట్టలేదు. కానీ అవతలి పక్క చల్లటి నీళ్లతో ఆవిరిని మళ్లీ నీరు చేసేస్తే అక్కడ దాదాపు శూన్యం ఏర్పడుతుంది. 40 డిగ్రీల దగ్గర ఆ ఒత్తిడి బయటి గాలిలో పదమూడో వంతుకి పడిపోతుంది. పని జరిగేది ఈ తేడాతోనే. అంటే ఇంజన్‌ని నడిపేది వేడి ఒక్కటే కాదు, చల్లదనం కూడా. నది పక్కన ఉండటం అందుకే కలిసొచ్చింది.

ఇది షూమన్ కనిపెట్టిన సూత్రం కాదు. 1712లో ఇంగ్లండ్ గనుల్లో నీళ్లు తోడిన న్యూకమెన్ ఇంజన్, దాన్ని బాగుచేసిన జేమ్స్ వాట్ ఇంజన్ కూడా ఇలా శూన్యం మీద ఆధారపడ్డవే. పందొమ్మిదో శతాబ్దం అంతా ఇంజనీర్లు ఎక్కువ ఒత్తిడి వైపు పరిగెత్తారు. షూమన్ కావాలనే వెనక్కి, పద్దెనిమిదో శతాబ్దంలోకి నడిచి, అక్కడ వదిలేసిన దారిని మళ్లీ పట్టుకున్నాడు. ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

నచ్చింది కదా అని లెక్క మారదు. ఏ వేడి ఇంజనుకైనా కార్నో గీసిన ఒక గీత ఉంటుంది. 100 డిగ్రీల దగ్గర వేడి తీసుకుని 40 డిగ్రీల దగ్గర వదిలేసే ఇంజన్, ఎంత గొప్పగా చేసినా, తీసుకున్న వేడిలో 16 శాతానికి మించి పనిగా మార్చలేదు. ఇవాళ్టి బొగ్గు ప్లాంటులో 540 డిగ్రీల ఆవిరికి అదే గీత 61 శాతం దగ్గర ఉంటుంది. పైగా వంద డిగ్రీల ఆవిరి కిలోకి 1.67 ఘనపు మీటర్ల చోటు ఆక్రమిస్తుంది. పది రెట్ల ఒత్తిడి దగ్గరైతే 0.2 ఘనపు మీటర్లు కూడా అక్కర్లేదు. కాబట్టి అదే పని చెయ్యడానికి ఇంజన్ సిలిండర్ బాగా పెద్దది కావాలి. తక్కువ వేడి చవగ్గా దొరుకుతుంది, దాన్ని పనిగా మార్చడం మాత్రం ఖరీదు.

ఇక మాదీ. లండన్ పెట్టుబడిదారులు షూమన్‌తో కంపెనీ పెట్టారు. సలహాదారుగా వచ్చిన ఆకర్మన్ అనే ఇంజనీరు, భౌతికశాస్త్రవేత్త సి.వి. బాయ్స్‌ని పిలిపించాడు. బాయ్స్ సలహాతో బల్లపరుపు పెట్టెలు పోయి, పొడుగాటి దోనెల్లాంటి వంపు అద్దాలు వచ్చాయి. ఒక్కోటి 204 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు. అలాంటివి ఐదు, సూర్యుడి వెంట వాటంతటవే తిరిగేలా అమర్చారు. మొదట పెట్టిన జింకు బాయిలర్లు ఈజిప్టు ఎండకి తట్టుకోలేక వంగిపోయాయి. పోతఇనుముతో మళ్లీ చేసి 1913 వేసవిలో నడిపారు. అద్దాలు మారినా ఇంజన్ మాత్రం ఆ తక్కువ ఒత్తిడి ఇంజనే. బాగా నడిచిన వేళ 55 హార్స్ పవర్ దాకా ఇచ్చింది. నిమిషానికి 6,000 గ్యాలన్ల నీళ్లు తోడగలిగింది.

ఇప్పుడు కథలో లేని లెక్క. ఐదు దోనెలూ కలిపి 13,269 చదరపు అడుగులు, అంటే 1,230 చదరపు మీటర్లు. మధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకి 900 వాట్లనుకుంటే పడుతున్నది 1,100 కిలోవాట్లు. 55 హార్స్ పవర్ అంటే 41 కిలోవాట్లు. నూటికి నాలుగు కూడా రాలేదు. ఇవాళ మేడల మీద కనిపించే ప్యానెళ్లు నూటికి ఇరవై ఇస్తాయి, వాటికైతే అదే పనికి 230 చదరపు మీటర్లు చాలు. నేను షూమన్‌ని చిన్నబుచ్చడానికి చెప్పడం లేదు. అతనికి ఈ అంకెలు మనకంటే బాగా తెలుసు. ఎండ ఉచితం కాబట్టి నూటికి ఎంత అన్నది ముఖ్యం కాదు, హార్స్ పవర్‌కి ఎంత ఖర్చు అన్నదే ముఖ్యం అని అతని వాదం. బొగ్గు ఓడల్లో రావాల్సిన ఈజిప్టులో ఆ వాదం నిలబడింది. బొగ్గు చవగ్గా దొరికే చోట నిలబడేది కాదు. సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే మాదీ ఒక మంచి డెమో, ఒకే ఒక్క కస్టమరుకి సరిపోయే డెమో.

ఆ కస్టమర్ ఎవరు? ఇక్కడ నా రెండో పేచీ. మాదీ యంత్రం తోడింది పత్తికి నీళ్లు. లాంకషైర్ మిల్లులకి ఈజిప్టు పత్తి కావాలి. ఆనాటి ఈజిప్టులో బ్రిటన్ ప్రతినిధి కిచెనర్, 1898లో సూడాన్‌ని ఫిరంగులతో గెలిచినవాడు. యంత్రం చూసి ముచ్చటపడి, సూడాన్‌లో 30,000 ఎకరాల పత్తి తోట ఇస్తాం, అక్కడ పెట్టమన్నాడు. జర్మన్లు ఆఫ్రికాలో తమ వలసల కోసం డబ్బు ఇస్తామన్నారు. 1911లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికకి వ్యాసం రాసిన షూమన్, ఆ రోజుల్లోనే సహారాలో 20,250 చదరపు మైళ్లలో అద్దాలు పరిస్తే ప్రపంచమంతటికీ చాలినంత శక్తి వస్తుందని లెక్క చెప్పాడు. సహారాలో ఉండేవాళ్లని ఎవరు అడగాలి అన్నది ఆ లెక్కలో లేదు.

వెనక్కి చూస్తే ఇది షూమన్ ఒక్కడి సంగతి కాదని తెలుస్తుంది. ముషో తన యంత్రాలని పరీక్షించడానికి వెళ్లింది అల్జీరియాకి. ఇనుప పలకల్లో అమోనియాని ఎండకి మరిగించి నీళ్లు తోడిన షార్ల్ టెల్లియే, ఎండ సాయంతో పశ్చిమ ఆఫ్రికాని శాంతియుతంగా జయించడం ఎలా అని ఏకంగా పుస్తకమే రాశాడు. మన బొంబాయిలో విలియం ఆడమ్స్ అనే బ్రిటిష్ ఉద్యోగి చిన్న చిన్న బల్లపరుపు అద్దాలు వరసగా నిలబెట్టి రెండున్నర హార్స్ పవర్ ఇంజన్ నడిపాడు. 1878లో తెచ్చిన పుస్తకంలో ఉష్ణదేశాల్లో బొగ్గు బదులు ఎండ వాడాలని వాదించాడు. అందరికీ ఒకటే చిక్కు: బొగ్గు తమ దేశంలో ఉంది, ఎండ తాము ఆక్రమించిన దేశంలో ఉంది. తొలినాటి సౌరశక్తి చరిత్ర అంటే చాలావరకు ఆ చిక్కుని విప్పడానికి చేసిన ప్రయత్నాల చరిత్రే. యుద్ధం రాకపోయి ఉంటే అద్దాలు పెరిగేవేమో, వాటి కింద కూలి చేసే ఫెల్లాహిన్ రైతు బతుకు మారేదని నేను నమ్మను.

1914లో యుద్ధం మొదలవగానే ఇంజనీర్లు ఇళ్లకి వెళ్లిపోయారు. 1918లో షూమన్ చనిపోయాడు. కథ ఇక్కడ ముగుస్తుంది. వంద డిగ్రీల ఆవిరి ఇక్కడ ముగియలేదు.

ఇజ్రాయెల్‌లో హ్యారీ టేబర్, లూసియన్ బ్రోనిక్కీ 1950ల చివర్లో ఇదే ప్రశ్న మళ్లీ తీశారు. నీళ్ల బదులు తక్కువ వేడికే మరిగే ద్రవం పెట్టి, దాని ఆవిరితో చిన్న టర్బైన్ తిప్పారు. షూమన్ వదిలేసిన ఈథర్ దారే ఇది, మంచి ద్రవాలతో, మంచి సీళ్లతో. వేడి కోసం ఉప్పు చెరువులు కట్టారు. చెరువు అడుగున ఉప్పు దట్టంగా ఉంటే ఆ నీళ్లు వేడెక్కినా బరువు వల్ల పైకి లేవవు, వేడి కిందే ఉండిపోతుంది. మృత సముద్రం దగ్గర 1979లో ఐన్ బోకెక్‌లో 150 కిలోవాట్లు, 1984లో బెయిత్ హఅరవాలో 5 మెగావాట్లు తీశారు. 1986లో చమురు ధర కుప్పకూలింది. ఆ దశాబ్దం చివరికల్లా ఆ చెరువు కరెంటూ ఆగింది. మళ్లీ చమురే విలన్ అంటే అనొచ్చు. కానీ పాతిక హెక్టార్ల చెరువుకి 5 మెగావాట్లు అన్న అంకెని కూడా పక్కనే పెట్టుకుని అనాలి.

చెరువులు పోయినా టర్బైన్ బతికింది. బ్రోనిక్కీ దంపతులు 1965లో పెట్టిన ఆర్మాట్ కంపెనీ అదే తరహా యంత్రాలని భూగర్భపు వేడినీళ్లకి తగిలించింది. కెన్యాలోని ఓల్కారియాలో ఇవాళ అవి కరెంటు తీస్తున్నాయి. అంత దూరం ఎందుకు, మన మణుగూరు దగ్గర పగిడేరులో బోరులోంచి వచ్చే వేడినీళ్లతో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టారు. పెట్టింది సింగరేణి. బొగ్గు తవ్వే కంపెనీయే వేడినీళ్ల కరెంటుకి పూనుకోవడం చూస్తే షూమన్ ఏమనేవాడో గానీ, నాకైతే నవ్వూ వచ్చింది, సంతోషమూ వేసింది.

ఇంకో దారి కూడా ఉంది. భుజ్‌లో 1993 నుంచి కొన్నేళ్లపాటు 6,000 చదరపు మీటర్ల ఉప్పు చెరువు ఒక డెయిరీకి వేడినీళ్లు ఇచ్చింది. కరెంటు జోలికి పోలేదు. వేడిని వేడిగానే వాడుకుంటే కార్నో గీత అడ్డురాదు. మన మేడల మీది సోలార్ హీటర్లు చేసేదీ అదే, సొసూర్ పెట్టెకి ముని మనవలు అవి.

అందుకే మాదీ కథని మనం పారేసుకున్న స్వర్గంలాగా చెప్పడం నాకు ఇష్టం ఉండదు. అలా చెబితే మన ఓటమికి ఎవరో విలన్ దొరుకుతాడు, మన పని అక్కడితో అయిపోతుంది. మాదీలో యంత్రం పనిచేసింది, అది నిజం. నూటికి నాలుగే ఇచ్చింది, అదీ నిజం. ఇంకొకరి నేల మీద, ఇంకొకరి పత్తి కోసం పనిచేసింది, అది కూడా నిజం. రాజస్థాన్‌లోనో అనంతపురంలోనో వేల ఎకరాల సోలార్ పార్కు ఫొటో చూసినప్పుడు ఎన్ని మెగావాట్లు అని అడుగుతాం. ఆ నేల ఎవరిది, కరెంటు ఎవరికి అని కూడా అడగాలి. షూమన్ లెక్కలో లేని ఆ రెండు గడులూ నింపాల్సింది మనమే.