నాన్ బీటీ ప్యాకెట్: పత్తి అనుమతి షరతు చేలో ఏమైంది?

పురుగును చంపే జన్యువు చేర్చిన బీటీ పత్తికి 2002 మార్చి 26న కేంద్ర జన్యు ఇంజినీరింగ్ అనుమతుల కమిటీ (జీఈఏసీ) మూడేళ్ల అనుమతి ఇచ్చింది. మహికో కంపెనీ హైబ్రిడ్లయిన మెక్-12, మెక్-162, మెక్-184 ఆ జాబితాలోవి. అనుమతికి ఒక షరతు ఉంది. ప్రతి బీటీ చేను చుట్టూ అదే రకం మామూలు పత్తిని కనీసం ఐదు సాళ్లు గానీ, విస్తీర్ణంలో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత వేయాలి. పురుగుకు బీటీని తట్టుకునే శక్తి రాకుండా ఆపేది ఈ ఆశ్రయ పంటే.

ఈ చరిత్రకు ఎక్కువగా ఉదహరించే వ్యాఖ్యానం అమెరికా రాజకీయ శాస్త్రవేత్త రొనాల్డ్ హెర్రింగ్‌ది. 2001లో గుజరాత్ చేలలో అనుమతి లేని బీటీ విత్తనం నవభారత్-151 బయటపడటాన్ని ఆధారం చేసుకుని, రైతుల చేతుల్లో చాటుగా తిరిగే విత్తనం ముందు ఢిల్లీ నియంత్రణ నిలవలేదని ఆయన వాదం. గుజరాత్‌కు అది సరిపోవచ్చు. వరంగల్, గుంటూరు, ఆదిలాబాద్ జిల్లాల్లో రైతు ప్రధానంగా కొన్నది డీలరు దుకాణంలోని అనుమతి ఉన్న డబ్బానే. తొలి ఏళ్లలో దొంగ విత్తనం కొంత ఇక్కడా తిరిగిన మాట నిజమే. అయినా ఇక్కడ ప్రధానంగా దొంగచాటుది విత్తనం కాదు, సాగు. హెర్రింగ్ పద్ధతిలో ఈ తేడా కనిపించదు. ఆ వాదం విత్తనం ఎక్కడి నుంచి వచ్చిందో వెతుకుతుంది, ఎలా నాటారో చూడదు. తొలి ఏళ్లలో దొంగ విత్తనం కొంత ఇక్కడా తిరిగిన మాట నిజమే.

డబ్బాలో 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ వచ్చేది. ఎకరానికి 20 శాతమంటే ఎనిమిది గుంటలు. కౌలుకు తీసుకున్న రెండెకరాల్లో పదహారు గుంటలు పురుగుకు వదిలెయ్యమని ఆ చిన్న ప్యాకెట్ రైతును అడిగింది. అందుకు ప్రతిఫలం ఏమీ లేదు. వదిలినందువల్ల కలిగే మేలు ఊరందరిది, నష్టం మాత్రం వేసినవాడిది. చాలామంది ఆ ప్యాకెట్‌ను పక్కన పడేశారు. దానికి బదులు కొన్ని కంపెనీలు కందులు పెట్టాయి, నిబంధన అందుకు ఒప్పుకుంది. కంది మీద శనగపచ్చ పురుగు బతుకుతుంది, గులాబీ రంగు పురుగు బతకదు. ఆ పురుగు విషయంలో అలాంటి డబ్బా ఆశ్రయం లేని డబ్బాతో సమానం.

1989 నిబంధనల ప్రకారం ఈ షరతులను చూడాల్సింది రాష్ట్ర సమన్వయ కమిటీ, కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేతకానిదేమీ కాదు. విత్తన ధరపై 2006లో గుత్తాధిపత్య నిరోధక కమిషన్ దాకా వెళ్లి, 1,600 రూపాయలు దాటిన డబ్బాను 750కి దింపించింది. 2005లో ఆ మూడు హైబ్రిడ్లకు రాష్ట్రంలో అనుమతి పొడిగింపు ఆగినప్పుడు కూడా గొడవ దిగుబడి మీద, పరిహారం మీద నడిచింది. ధర మీద చూపిన పట్టుదలలో పదో వంతు చిన్న ప్యాకెట్ మీద చూపలేదు.

ఫలితం పువ్వులోనే కనిపిస్తుంది. రేకులు విచ్చుకోక అతుక్కుపోయిన గుడ్డిపూలను విప్పితే లోపల గులాబీ రంగు పురుగు పిల్ల ఉంటుంది. తర్వాతి తరం కాయలో చేరి గింజను తింటుంది, బయటి నుంచి మందు కొట్టినా అందదు. బోల్‌గార్డ్-1 పేరిట వచ్చిన తొలి బీటీ పత్తిని ఈ పురుగు తట్టుకుందని గుజరాత్ నమూనాల ఆధారంగా 2010లో దాన్ని తెచ్చిన కంపెనీయే ఒప్పుకుంది. 2006లో వచ్చిన బోల్‌గార్డ్-2 కూడా దశాబ్దం తిరిగేసరికి అదే దారి పట్టింది. పంటను ఫిబ్రవరి, మార్చి దాకా చేలో నిలిపి ఉంచడం కూడా ఒక కారణం. అయినా తొలి దోషం ప్యాకెట్‌దే. బీటీ విత్తనంలోనే నాన్ బీటీ కలిపి ఇచ్చే పద్ధతి 2020 ప్రాంతంలో గానీ రాలేదు.

ఇది పత్తితో తీరేది కాదు. దేశంలో ఏ జన్యుమార్పిడి పంట అనుమతినైనా దాని షరతుకు కాపలా ఎవరన్న ప్రశ్నతోనే కొలవాలి. 2022 అక్టోబరు 25న పర్యావరణ విడుదలకు అనుమతి పొందిన డీఎంహెచ్-11 ఆవాల్లో కలుపు మందును తట్టుకునే జన్యువు ఉంది. రైతు చేలో మాత్రం ఏ పరిస్థితిలోనూ కలుపు మందు వాడకూడదని షరతు. 2024 జూలై 23న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు ఆ అనుమతిపై చెరో తీర్పు చెప్పారు. తట్టుకునే శక్తిని విత్తనంలో పెట్టి, వాడకాన్ని కాగితం మీద నిషేధించే ఈ ఏర్పాటు నాన్ బీటీ ప్యాకెట్ కన్నా బలహీనమైనది.